బొగ్గు గనుల్లో కొత్త సాంకేతికతలు నిజంగా పనికొస్తున్నాయా? వేటి మీద దృష్టి పెట్టాలి?

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. సెన్సర్లు, ఆటోమేషన్, కృత్రిమ మేధ వంటివి బొగ్గు తవ్వకాన్ని నిజంగా సురక్షితంగా, పర్యావరణానికి తక్కువ హాని చేసేలా మారుస్తున్నాయా అన్నది మొదటిది. మైనింగ్ ఇంజనీరింగ్ చదువుతున్న మీరు వీటిలో దేన్ని పట్టుకోవాలన్నది రెండోది. నేను భూగర్భ గనుల వెంటిలేషన్ విభాగంలో చాలాకాలం, ఆ తర్వాత గని పైన ఉండే కంట్రోల్ రూములో కొంతకాలం పనిచేశాను. ఓపెన్‌కాస్ట్ (నేల పైనుంచే తవ్వే గనుల) అనుభవం నాకు తక్కువ, కాబట్టి దాని గురించి తక్కువే రాస్తాను.

మారుస్తున్న మాట నిజమే. అయితే ఎక్కువ మేలు చేసిన పరికరాలేవీ ప్రదర్శనశాలల్లో ముందు వరుసలో కనిపించవు. డ్రైవరు లేని డంపరును చూసి అందరూ ఫొటోలు తీసుకుంటారు. గని మొత్తానికి గాలి ఆడించే మెయిన్ ఫ్యాను మోటారుకు అమర్చిన వేగ నియంత్రకం వైపు ఎవరూ కన్నెత్తి చూడరు. నన్నడిగితే మార్కులు రెండోదానికే.

గ్యాస్‌తో మొదలుపెడతాను. భూగర్భ గనిలో మిగతావన్నీ దాని తర్వాతే. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. 9.5 శాతం దగ్గర ఆ పేలుడు అత్యంత తీవ్రంగా ఉంటుంది. 1815 నాటి డేవీ దీపం (గని కార్మికుల భద్రతా దీపం) నుంచి నేటి డిజిటల్ సెన్సర్ల దాకా అన్నీ వెతుకుతున్నది ఒకటే: ఈ చోట, ఈ క్షణంలో గ్యాస్ ఎంత? దీపపు జ్వాల మీద ఏర్పడే లేత నీలి కొనను చూసి శాతం చెప్పగలిగిన పెద్దవాళ్లతో నేను పనిచేశాను. వాళ్లు దీపాన్ని ముందు పైకప్పు దాకా ఎత్తి చూసేవారు. ఆ అలవాటు వెనుక ఉన్న కారణం కొత్త పరికరాలు పెట్టేవాళ్లకు తరచూ గుర్తుండదు. మీథేన్ సాంద్రత గాలి సాంద్రతలో సగానికి కొంచెం ఎక్కువ, అంతే. గాలి మందంగా కదిలే గ్యాలరీలో (సొరంగ మార్గంలో) అది రూఫ్‌ను అంటిపెట్టుకుని పొరలా పాకుతుంది. సర్వీసింగ్‌కు సులభంగా ఉంటుందని సెన్సర్‌ను చేతికందే ఎత్తులో వేలాడదీస్తే కంట్రోల్ రూము తెర మీద ఎప్పుడూ ప్రశాంతమైన అంకెలే కనిపిస్తాయి. రూఫ్ దగ్గర పరిస్థితి వేరేగా ఉండొచ్చు.

సెన్సర్ రకం కూడా ముఖ్యమే. వేడెక్కిన చిన్న పూస మీద గ్యాస్‌ను మండించి కొలిచే ఉత్ప్రేరక సెన్సర్‌కు ఆక్సిజన్ అవసరం. గ్యాస్ బాగా పెరిగి ఆక్సిజన్ తగ్గిపోయిన చోట, అంటే ప్రమాదం ఎక్కువగా ఉన్న చోటే, అది తక్కువ అంకె చూపించగలదు. సిలికోన్ ఆవిర్లు తగిలితే మెల్లగా మొద్దుబారిపోతుంది కూడా. పరారుణ కిరణాలతో కొలిచే సెన్సర్‌కు ఈ రెండు సమస్యలూ లేవు గానీ, దాని కిటికీ మీద తేమ, ధూళి పేరుకుంటాయి. కాబట్టి ఏది కొన్నా క్రమం తప్పకుండా క్యాలిబ్రేషన్ (సరైన అంకె చూపుతోందో లేదో పరీక్షించి సరిచేయడం) చేయాల్సిందే. నేను ఏ కొత్త గనికి వెళ్లినా ముందు అడిగేది క్యాలిబ్రేషన్ రిజిస్టరే. అందులో ప్రతి వారం ఒకే చేతిరాతతో, ఒకే అంకెలు వరుసగా ఉన్నాయంటే ఆ వ్యవస్థ ఎంత ఖరీదైనదైనా నేను నమ్మను.

ఒక గనిలో కొత్త మానిటరింగ్ వ్యవస్థ పెట్టిన కొత్తలో అలారాలు ఆగకుండా మోగేవి. కొన్నింటికి తేమ కారణం, కొన్నింటికి కేబుల్ అతుకులు, మరికొన్నింటికి పరిమితిని అవసరానికి మించి కిందకు పెట్టడం. షిఫ్టులో ఉన్నవాళ్లు చేసేదేమీ లేక మీట నొక్కి ఆపేసేవారు. యాజమాన్యం ఇంకో పెద్ద తెర తెప్పించింది. మోత ఏమాత్రం తగ్గలేదు, తెర మీద ఎర్ర చుక్కలు మాత్రం పెద్దవయ్యాయి. చివరికి పరిస్థితిని మార్చినది పరికరం కాదు, పద్ధతి. పనికిమాలిన అలారాలను ఒక్కొక్కటిగా వెతికి తొలగించాం. మిగిలిన ప్రతి అలారానికీ ఆ షిఫ్టులో బాధ్యుడెవరో, అతను ఏం చేయాలో, పని ఆపించే అధికారం అతనికి ఉందో లేదో కాగితం మీద రాసిపెట్టాం. గ్యాస్ పరిమితి దాటితే ఆ ప్రాంతానికి కరెంటు దానంతట అదే తెగిపోయే ఏర్పాటు అప్పటికే ఉంది. దాన్ని ఎవరూ తప్పించి పని చేయకుండా తాళం వేయించాం.

ఇది ఒక్క గని కథ అనుకోకండి. న్యూజీలాండ్‌లోని పైక్ రివర్ గనిలో 2010 నవంబరు 19న పేలుడు జరిగి 29 మంది చనిపోయారు. విచారణ జరిపిన రాయల్ కమిషన్ రికార్డులు తిరగేస్తే, పేలుడుకు ముందు 48 రోజుల్లో మీథేన్ పేలే స్థాయికి చేరిందని 21 నివేదికలు, అంతకంటే తక్కువైనా ప్రమాదకరమేనని 27 నివేదికలు బయటపడ్డాయి. సమాచారం ఉంది, కాగితం మీద నమోదైంది కూడా. ఆ కాగితాలు చూసి పని ఆపించిన వ్యక్తి లేడు. అందుకే ఎవరైనా కొత్త వ్యవస్థ గురించి చెబుతుంటే నేను అడిగేది ఒకటే: ఈ అంకె మారితే ఎవరి నిర్ణయం మారుతుంది? ఆ మనిషిని చూపించలేకపోతే అది అలంకారమే.

బయట ఫ్యాక్టరీల్లో ఎప్పుడో వచ్చిన పరికరాలు గనిలోకి ఆలస్యంగా ఎందుకు వస్తాయని విద్యార్థులు తరచూ అడుగుతుంటారు. దానికి కారణం బద్ధకం కాదు. గ్యాస్ ఉండే గనిలోకి వెళ్లే ప్రతి విద్యుత్ పరికరం, లోపల ఏ వైరు తెగినా, గ్యాస్‌ను వెలిగించేంత శక్తి లేని రవ్వను మాత్రమే పుట్టించాలి. లేదా లోపల పేలుడు జరిగినా మంట బయటకు రానివ్వని పెట్టెలో ఉండాలి. మామూలు ఫోను కూడా లోపలికి తీసుకువెళ్లకూడదు. పైగా రాతిలోంచి రేడియో తరంగాలు దూరం పోవు, జీపీఎస్ అసలే అందదు. 2006లో అమెరికాలోని సాగో గని ప్రమాదంలో 12 మంది మరణించాకే అక్కడ చట్టం మారి, భూగర్భంలో వైర్‌లెస్ మాటల వ్యవస్థ, మనిషి ఎక్కడున్నాడో తెలిపే ట్రాకింగ్ తప్పనిసరయ్యాయి. పొడవునా సంకేతాన్ని కొద్దికొద్దిగా బయటకు వదిలే లీకీ ఫీడర్ కేబుల్ చూడటానికి సాదాసీదాగా ఉంటుంది. ఆపదలో మనుషుల జాడ చెప్పేది మాత్రం అలాంటిదే.

ఇక గోఫ్, అంటే బొగ్గు తీసేశాక కూలిపోనిచ్చి మూసేసిన ప్రాంతం. అక్కడ మిగిలిన బొగ్గు గాలి తగిలి తనంతట తానే వేడెక్కుతుంది. మనిషి లోపలికి వెళ్లి చూడలేడు. నేను చూసిన వాటిలో నాకు బాగా నచ్చిన సాంకేతికత ఇక్కడిదే: ట్యూబ్ బండిల్. సన్నని ప్లాస్టిక్ గొట్టాలను గోఫ్‌లోకి పంపి, గని పైన ఉన్న పంపుతో గాలిని లాగి, పైనే విశ్లేషిస్తారు. గాలి పైకి చేరడానికి చాలా నిమిషాలు పడుతుంది, ఒక్కోసారి గంట దాటుతుంది. అందుకే ఇది అప్పటికప్పుడు హెచ్చరించేది కాదు. కానీ ప్రమాదం జరిగి లోపల కరెంటు పూర్తిగా పోయినా ఇది పనిచేస్తూనే ఉంటుంది. రక్షణ బృందాన్ని లోపలికి పంపాలా వద్దా అని తేల్చుకోవలసిన సమయంలో ఆ గొట్టాల్లోంచి వచ్చే గాలే ఆధారం. పైక్ రివర్‌లో ఈ వ్యవస్థ లేదు.

ఆ అంకెలను చదవడానికి వాడే సూత్రం వందేళ్ల నాటిది. దాన్ని గ్రాహం నిష్పత్తి అంటారు. కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉందన్నది ఒక్కటే చూస్తే మోసపోతాం, ఎందుకంటే ఎక్కువ గాలి కలిస్తే అది పలచబడి తక్కువగా కనిపిస్తుంది. ఎంత ఆక్సిజన్ ఖర్చయితే ఎంత కార్బన్ మోనాక్సైడ్ పుట్టిందో చూస్తే, పలచబడటం రెండింటికీ సమానం కాబట్టి నిష్పత్తి నిలబడుతుంది. అది 1 శాతం దాటి పెరుగుతోందంటే బొగ్గు వేడెక్కుతోందని అర్థం. ప్రతి గనికీ తన సాధారణ స్థాయి వేరు, అందుకే ఒక్క అంకె కంటే వారాల తరబడి గీసిన గీత ఎక్కువ చెబుతుంది. ఇప్పుడు ఆ గీతను సాఫ్ట్‌వేర్ గీసి పెడుతోంది. అది మంచి మార్పు. ఆ గీతను చదవగల మనిషి మాత్రం ఇప్పటికీ కావాలి.

పర్యావరణం సంగతికి వస్తే ముందుగా ఒక మాట చెప్పాలి. మంచి రకం బొగ్గు ఒక టన్ను కాలిస్తే 2 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గనిని ఎంత తెలివిగా నడిపినా ఆ లెక్క మారదు. ‘పచ్చని గని’ అని బోర్డు పెట్టేవాళ్లు ఈ సంగతి చెప్పరు. గని చేతిలో ఉన్నవి వేరే ఉన్నాయి: మీథేన్, కరెంటు, నీరు, భూమి. వీటిలో మీథేన్ అన్నింటికంటే పెద్దది. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కలో 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. ప్రపంచంలోని బొగ్గు గనుల నుంచి ఏటా సుమారు 4 కోట్ల టన్నుల మీథేన్ గాలిలో కలుస్తోందని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. ఒక టన్ను మీథేన్‌ను మండిస్తే 2.75 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కరెంటు తయారుచేయకుండా ఊరికే కాల్చేసినా, గాలిలోకి వదిలేయడం కంటే వాతావరణానికి అదే మేలు.

తవ్వకానికి ముందే బొగ్గు పొరలోకి పొడవైన రంధ్రాలు వేసి గ్యాస్‌ను లాగేయడం అన్నింటికంటే తెలివైన పని. దిశ మార్చుకుంటూ పొరలోనే వెయ్యి మీటర్లకు పైగా వెళ్లే డ్రిల్లింగ్ ఇప్పుడు సాధ్యమే. గ్యాస్ తగ్గితే ప్రమాదం తగ్గుతుంది, అలారాలు తగ్గుతాయి, యంత్రం ఆగే సమయం తగ్గుతుంది, వాతావరణానికీ మేలు. భద్రత, ఉత్పత్తి, పర్యావరణం మూడూ ఒకే వైపు లాగే సందర్భం గనుల్లో ఇంకొకటి నాకు కనిపించలేదు. ఒక్క జాగ్రత్త అవసరం. పైపులో గ్యాస్ కనీసం 30 శాతం ఉండేలా చూడాలి. గాలి చొరబడి అది పేలే స్థాయి వైపు జారితే ఆ పైపులైనే ప్రమాదం.

ఫ్యాను బయటకు వదిలే గాలిలోని మీథేన్ కథ కష్టం. అది సాధారణంగా 1 శాతం కూడా ఉండదు, మామూలుగా మండదు. వేడి సెరామిక్ పడకలోంచి ఆ గాలిని పంపి ఆక్సీకరణం చేసే యంత్రాలు ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని వెస్ట్ క్లిఫ్ గనిలో 2007లోనే ఆ వేడితో కరెంటు కూడా తీశారు. పనిచేస్తుందని తేలి ఇన్నేళ్లయినా ఇవి అరుదుగానే ఉన్నాయంటే కారణం సాంకేతికం కాదు. వదిలేసిన మీథేన్‌కు చాలా చోట్ల ఎవరూ మూల్యం చెల్లించనక్కర్లేదు, అంతే. ఇప్పుడు ఉపగ్రహాలు పెద్ద వెంటిలేషన్ షాఫ్టుల నుంచి లేచే మీథేన్ మేఘాలను గుర్తించగలుగుతున్నాయి. గని తన లెక్క తానే రాసుకునే రోజులు పోతున్నాయి, మంచిదే.

ఇందాక చెప్పిన ఫ్యాను. అది రాత్రీ పగలూ ఆగదు. ఫ్యాను వేగానికీ అది తినే కరెంటుకూ మధ్య ఘన (క్యూబ్) సంబంధం ఉంది. వేగం 20 శాతం తగ్గిస్తే గాలి 20 శాతమే తగ్గుతుంది, కరెంటు మాత్రం సుమారు సగానికి పడిపోతుంది. మనుషులు లేని విభాగానికి తగ్గించి, పని జరిగే చోటికి పెంచి, అవసరాన్ని బట్టి గాలి పంపే పద్ధతి దీని మీదే నిలబడింది. అయితే ముందు లీకులు మూయాలి. చాలా గనుల్లో ఫ్యాను లాగే గాలిలో పెద్ద భాగం ఫేస్ (బొగ్గు కోసే చోటు) దాకా చేరదు. పగిలిన స్టాపింగుల (గాలి దారులను వేరుచేసే అడ్డుగోడల) గుండా, సరిగ్గా మూసుకోని తలుపుల గుండా అడ్డదారిలో రిటర్న్‌లోకి, అంటే వాడిన గాలి బయటకు వెళ్లే దారిలోకి పోతుంది. చిల్లు కుండలో నీళ్లు పోస్తూ కొత్త మోటారు కొన్నట్టు ఉంటుంది ఆ వ్యవహారం. ఒక విభాగంలో మేము గాలి కొలతలు తీసి స్టాపింగులకు ప్లాస్టరింగ్ చేయించాక, పెద్ద ఫ్యాను కావాలన్న ప్రతిపాదనే వెనక్కి వెళ్లింది. ఏ పత్రికా దాని గురించి రాయలేదు.

లాంగ్‌వాల్ (పొడవైన బొగ్గు గోడను యంత్రంతో వరుసగా కోసే పద్ధతి) ఆటోమేషన్‌కు మాత్రం వచ్చిన పేరు సరైనదే. జీపీఎస్ లేని చోట షియరర్ (కోత యంత్రం) ఎక్కడుందో జడత్వ నావిగేషన్‌తో, అంటే దాని కదలికలనే కొలిచి కనిపెట్టి, ఫేస్‌ను తిన్నగా ఉంచే వ్యవస్థను ఆస్ట్రేలియా పరిశోధనా సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ అభివృద్ధి చేసింది. దీనివల్ల ఉత్పత్తి స్థిరపడిందని అందరూ చెబుతారు. నాకు ముఖ్యంగా కనిపించేది వేరు. కోత యంత్రం పక్కన ధూళిలో నిలబడే మనిషి అక్కడి నుంచి దూరం జరిగాడు. ధూళి విషయంలో ఇంకో చిన్న పరికరం ఉంది, నడుముకు కట్టుకునేది. పాత పద్ధతిలో ఫిల్టరును ప్రయోగశాలకు పంపితే ఫలితం వచ్చేసరికి ఆ ధూళి ఊపిరితిత్తుల్లో స్థిరపడిపోయేది. ఈ పరికరం షిఫ్టు నడుస్తుండగానే అంకె చూపిస్తుంది. అమెరికాలో 2016 నుంచి దీన్ని తప్పనిసరి చేసి, ధూళి పరిమితిని ఘనపు మీటరుకు 2 మిల్లీగ్రాముల నుంచి 1.5కు తగ్గించారు. లోపం కూడా చెప్పాలి. అది బొగ్గు ధూళినీ రాతి నుంచి వచ్చే సిలికా ధూళినీ వేరు చేయలేదు. పలచని పొరలు తవ్వేటప్పుడు రాయి కూడా కోయాల్సి వస్తుంది, ఊపిరితిత్తులను ఎక్కువగా తినేసేది ఆ సిలికా ధూళే.

2010 ఏప్రిల్ 5న అమెరికాలోని అప్పర్ బిగ్ బ్రాంచ్ గనిలోనూ 29 మంది చనిపోయారు. అక్కడ చిన్న మీథేన్ మంట బొగ్గు ధూళికి అంటుకుని కిలోమీటర్ల మేర పేలుడైంది. అరిగిన కోత పళ్లు, పనిచేయని నీటి జల్లులు, బొగ్గు ధూళి పేలకుండా చల్లాల్సిన సున్నపురాతి పొడిని సరిపడా చల్లకపోవడం. ఏ ఒక్కటీ కొత్త సాంకేతికత లేకపోవడం వల్ల జరిగినది కాదు.

ఓపెన్‌కాస్ట్ గురించి క్లుప్తంగా. అక్కడ నాకు గౌరవం కలిగించినది వాలు రాడార్. గోడ మిల్లీమీటర్లలో కదులుతున్నా దూరం నుంచి పట్టేస్తుంది. 2013లో అమెరికాలోని బింగామ్ కాన్యన్‌లో (అది రాగి గని) కొండంత గోడ కూలినా ఒక్కరికీ గాయం కాలేదు. కదలికను ముందే గమనించి అందరినీ బయటకు పంపేశారు. సమాచారం, అధికారం ఒకే చోట ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. డ్రైవరు లేని విద్యుత్ డంపర్లు చైనాలోని బొగ్గు గనుల్లో పెద్ద సంఖ్యలో నడుస్తున్నాయి. డీజిల్ మిగులుతుంది, నిజమే. ఆ కరెంటు కూడా బొగ్గు నుంచే వస్తుంటే ఎంత మిగిలినట్టో లెక్క వేయాలి.

నీటిని చాలామంది మరిచిపోతారు. బొగ్గుతో పాటు ఉండే పైరైట్ అనే ఖనిజానికి గాలి, నీరు తగిలితే ఆమ్లం పుడుతుంది. గని మూసేశాక కూడా అది ఊరుతూనే ఉంటుంది. జర్మనీలో చివరి భూగర్భ రాతి బొగ్గు గని 2018 డిసెంబరులో మూతపడింది. అయినా రూర్ ప్రాంతంలో పంపులు తిరుగుతూనే ఉన్నాయి, ఇక ముందూ తిరగాలి. ఆ ఖర్చు కోసం గనులు నడుస్తున్నప్పుడే ప్రత్యేక నిధి ఏర్పాటు చేసుకున్నారు. నెదర్లాండ్స్‌లోని హీర్లెన్‌లో మునిగిపోయిన పాత గనుల గోరువెచ్చని నీటితో 2008 నుంచి భవనాలకు వేడి అందిస్తున్నారు. మూసివేతను మొదటి రోజు నుంచే ప్రణాళికలో పెట్టని గనిని, ఎన్ని డ్రోన్లు ఎగరేసినా, నేను సుస్థిరమైనదని అనను.

కృత్రిమ మేధ గురించి ప్రత్యేకంగా అడిగారు. కన్వేయర్ బెల్టు చిరుగును కెమెరాతో పట్టడం, బేరింగు కంపనాన్ని బట్టి ఎప్పుడు పాడవుతుందో చెప్పడం బాగా పనిచేస్తున్నాయి. బేరింగులు తరచూ పాడవుతాయి, నేర్చుకోవడానికి ఉదాహరణలు పుష్కలం. పేలుళ్లు అదృష్టవశాత్తు అరుదు. అందుకే పేలుడును ముందే ఊహిస్తానని చెప్పే సాఫ్ట్‌వేర్ ఏ ఉదాహరణల నుంచి నేర్చుకుందో అడగండి.

మీరేం చదవాలంటే, వెంటిలేషన్ నెట్‌వర్క్ లెక్కలు, కొలత పరికరాల సూత్రాలు, గణాంక శాస్త్రం. ఈ మూడూ వచ్చినవాళ్లు ఎక్కడా దొరకడం లేదు. కోడింగ్ తర్వాతైనా వస్తుంది. శిక్షణకు వెళ్లినప్పుడు కంట్రోల్ రూములోనే కూర్చోకుండా వెంటిలేషన్ సిబ్బందితో రిటర్న్ దారి చివరి దాకా ఒకసారి నడవండి. తెర మీద చుక్కగా కనిపించే సెన్సర్ అక్కడ ఏ ఎత్తులో, ఎంత ధూళి పట్టి ఉందో చూడండి. క్యాలిబ్రేషన్ రిజిస్టర్ కూడా అడగండి. ఇవ్వడానికి సందేహిస్తే కారణం మీకే అర్థమవుతుంది. ఓపెన్‌కాస్ట్ వైపు వెళ్లాలనుకుంటే వేరే ప్రశ్న వేయండి, ఆ పనిలో ఉన్న నా మిత్రులు నాకంటే బాగా చెప్పగలరు.